కళ్లంలో మిరపకాయలు, నా ఏజెంటుకు తాళం జబ్బు

నా తెలివితేటల వల్ల దర్శి దగ్గర మా బాబాయి మిరప పంట నీళ్లపాలు కాబోయిన కథ చెబుతాను. కడుపుబ్బా నవ్వుకోండి, నాకేం బాధ లేదు. కాకపోతే తప్పంతా నాదేనని మాత్రం ఒప్పుకోను. ముందే చెబుతున్నాను.

రెండేళ్ల కిందటి మాట. అప్పట్లో గుంటూరు బ్రాడీపేటలో ఓ చిన్న ఆఫీసులో ప్రోగ్రాములు రాసేదాన్ని. ఆ ఊపులో సొంతంగా ఓ ఏఐ ఏజెంటును తయారు చేశాను. ఫోనులో "వానొస్తుందా?" అని అడిగితే చాలు, అది వాతావరణం చెప్పే ఓ సర్వీసు ఏపీఐని, అంటే ప్రశ్నలు అందుకునే వాళ్ల ప్రోగ్రామును, అడిగి జవాబు తెచ్చిపెడుతుంది. ఆ ఏపీఐ గంటకు యాభై ప్రశ్నలకే పలుకుతుంది. ఆ తర్వాత కాళ్లావేళ్లా పడ్డా పలకదు. అందుకని ఇంకా ఎన్ని మిగిలాయో చూసుకునే టూలు కూడా ఏజెంటుకు ఇచ్చాను.

ఇక్కడ మా ఇంటి జబ్బు గురించి చెప్పాలి. తాళం వేశాక మూడుసార్లు లాగి చూడందే మా ఇంట్లో ఎవరూ మెట్లు దిగరు. అదే బుద్ధితో ఏజెంటుకూ రాసిపెట్టాను: "ఏది అడగాలన్నా ముందు లిమిట్ ఎంత మిగిలిందో మూడుసార్లు సరిచూడు." అలా సరిచూడటం కూడా ఒక ప్రశ్న కిందే లెక్కని ఆ సర్వీసువాళ్లు ఎక్కడో అట్టడుగున రాశారట. అంత అడుగున రాస్తే ఎవరు చదువుతారండీ? ఒక్క జవాబుకు నాలుగు ప్రశ్నలు ఖర్చవుతున్నాయని నాకేం తెలుసు?

ఓసారి సెలవుకి బాబాయి ఊరు వెళ్లాను. ఆ మధ్యాహ్నం బాబాయి కళ్లం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నా ఏజెంటు సంగతి విని పక్క కళ్లాల వాళ్లు చేరారు. తలా ఓ ప్రశ్న అడిగారు, అది ఠక్కుఠక్కున జవాబులు చెప్పింది. నా పొగరు చూడాలి! ఇంతలో పడమర మబ్బు పట్టింది.

"ఏవయ్యా, పట్టాలు కప్పుదామా?" అంది పిన్ని కంగారుగా.

"ఊరికే కప్పితే ఉక్కకి కాయ రంగు పోద్ది. కప్పకపోతే వానకి కుళ్లిపోద్ది," అన్నాడు బాబాయి. "ఏడాది కష్టమే! అమ్మాయ్, నీ మిషన్ని అడుగు. వానొచ్చిద్దా, రాదా?"

"ఒక్క నిమిషం బాబాయ్! అది చెప్పేదాకా ఎవరూ పట్టాలు ముట్టుకోకండి!" అని ఆర్డరేసి, మడతపెట్టిన ఆ పట్టాల మీదే సిగ్నల్ కోసం ఎక్కి నిలబడ్డాను.

"సరిచూశాను. రెండు మిగిలాయి. మళ్లీ సరిచూస్తాను," అంది ఏజెంటు.

ఉరిమింది.

"ఒకటి మిగిలింది. మూడోసారి సరిచూస్తాను."

"వద్దే! అడిగెయ్! అడిగెయ్యవే తల్లీ!" అని ఫోను మీద అరిచాను.

"సరిచూశాను. ఏమీ మిగల్లేదు. దయచేసి గంట ఆగండి."

"ఏమంటందమ్మాయ్?" అన్నాడు బాబాయి.

"గంట ఆగమంటోంది బాబాయ్."

"ఎవర్ని? మనల్నా, మబ్బునా?"

అంతలోనే టపటపా చినుకులు మొదలయ్యాయి.

"నీ మిషను పాడుగాను! ముందా పట్టాల మీద నించి దిగవే!" అని పిన్ని నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. వచ్చినవాళ్లంతా తలో కొసా పట్టుకుని పరుగులు పెట్టారు. పంట దక్కింది. రెండు గంపల కాయలు మాత్రం తడిసి ముద్దయ్యాయి. అవి ఏ కొసలోవో, ఆ కొస ఎవరు పట్టుకున్నారో చెప్పను.

అందరం పాకలో చేరి, జుట్టు పిండుకుంటూ టీ తాగుతుంటే, సరిగ్గా గంట తిరిగేసరికి నా ఫోను మోగింది.

"మూడుసార్లు సరిచూశాను. మీ దగ్గర వాన పడే అవకాశం ఉంది. మిరపకాయలు కప్పుకోండి."

పాక పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. నేనెందుకు తగ్గుతాను? "చూశారా, కరెక్టుగా చెప్పింది!" అన్నాను.

ఇప్పుడు ఆ ఏజెంటు ఎన్ని అడిగిందో తనే రాసుకుంటుంది, ఎన్ని మిగిలాయని ఆ సర్వీసును అడగదు. బాబాయి మాత్రం మబ్బు పట్టినప్పుడల్లా ఫోన్ చేసి "అమ్మాయ్, గంట ఆగమంటావా?" అంటాడు. అననివ్వండి. ఇంటి తాళం మాత్రం నేను మూడుసార్లు లాగే తీరతాను.

అయినా మీ అందరి ఎదుట, ఆ రెండు గంపల మిరపకాయల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అడగొచ్చా అని అడగడానికి ఇక ఏ ఏజెంటునూ పంపను. ఈ ప్రమాణం ఒక్కసారే చేస్తాను. నిజంగానే చేశావా అని మళ్లీ మళ్లీ సరిచూడకండి.