నర్సయ్య కాక రెండు తనిఖీలు

లక్ష్మీనర్సయ్య కాకకు అనుమానం జబ్బు. అదీ మామూలు అనుమానం కాదు. తెల్లవారి కోడి కూస్తే ఇది మన కోడేనా అని అడిగే రకం. గోడమీద క్యాలెండర్ ఆదివారం అంటే, పక్కింటికి పోయి వాళ్ళ క్యాలెండర్ ఏమంటోందో చూసొస్తాడు. అలాంటి మనిషి చేతిలో మా గుట్టలెక్కే బృందం మందుల డబ్బా పెట్టడం మేం చేసిన మొదటి తప్పు. ఆ డబ్బాలోకి సామాను అమ్మేది నేను కావడం రెండో తప్పు.

కొత్తవాడలో నాది మందుల షాపు. కాక మా వెనక వీధిలో యాభై ఏళ్ళు జంపఖానాలు నేశాడు. మగ్గం దిగిన మరుసటి నెల నుంచే గుట్టలెక్కడం మొదలుపెట్టాడు. మేం పదకొండు మందిమి, నెలకో ఆదివారం ధర్మసాగర్ వైపు గుట్టలకు పోతాం. పోయే ముందు శుక్రవారం కాక నా షాపుకొస్తాడు. ఆ రోజు మిగతా గిరాకీ మీద నేను ఆశ వదులుకోవాలి.

"పండరీ, గీ బ్యాండేజి చుట్ట తాజాదేనా?"

"కాకా, అది బ్యాండేజి. పాలకూర కాదు."

"గదే అడుగుతాన. దీనిమీద తారీఖు ఎవలేసిండ్రు?"

"కంపెనీ వాళ్ళు."

"ఏసేటప్పుడు నువ్వు చూసినవా?"

"లేదు."

"మరి?"

నేను తల గోక్కునేలోపు కాక జేబులోంచి పోగులు లెక్కపెట్టే భూతద్దం తీసి, నా కౌంటర్ మీదే బ్యాండేజి పరిచి, ఒక కన్ను మూసి లెక్క మొదలుపెడతాడు.

"ఇంచుకు గిన్నే పోగులా! దీనికంటె మా లచ్చవ్వ పిండి జల్లెడ నయం."

లచ్చవ్వ కాక భార్య. ఆమె జల్లెడ నేను చూడలేదు కానీ, ఇరవైసార్లు దాంతో పోటీపడి నా బ్యాండేజి ఇరవైసార్లూ ఓడిపోయింది.

ప్లాస్టర్ అంటుకుంటుందో లేదో చూడటానికి మోచేతికి వేసుకుని రెండు రోజులు స్నానం చేస్తాడు. ఓఆర్ఎస్ పొట్లాలు పది కొంటే ఒకటి షాపులోనే కలుపుకుని తాగి, కాసేపు కూర్చుని, బతికే ఉన్నానని నమ్మకం కుదిరాక మిగతా తొమ్మిదీ తీసుకుంటాడు. కత్తెర పదును నా పేపర్ మీద చూస్తాడు. శుక్రవారం నాడు నేను క్రీడల పేజీ చదివి రెండేళ్ళయింది.

ఇంత పరీక్ష పాసైన సామానంతా ఒక రేకు డబ్బాలోకి పోతుంది. దానికి రెండు తాళాలు. ఒకసారి మా ఓంకార్ కాల్లో ముల్లు దిగింది. కాక ఒక తాళం తీసి, రెండో తాళంచెవి కోసం మొలతాడు వెతుక్కునేలోపు, ఆ ముల్లు విసుగొచ్చి తనంతట తనే బయటికొచ్చింది.

ఇదంతా భరించవచ్చు. భరించలేనిది తనిఖీ. రెండేళ్ళ కింద డబ్బాలోంచి ఒక ప్లాస్టర్ చుట్ట పోయిందట. "ఆ దొంగ మీలనే ఉన్నడు" అని కాక ఆ రోజే తీర్పు చెప్పాడు. అప్పటి నుంచి గుట్ట ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి అందరి సంచులూ తెరవాలి. కాక మోచేతి దాకా చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుని, లోపలంతా తడుముతాడు. సుకన్య టీచరమ్మ ముప్పై ఏళ్ళుగా పిల్లల సంచులు తనిఖీ చేసిన మనిషి. ఆమె కూడా వరసలో నిలబడాల్సిందే.

"పరీక్షల కాపీ కొట్టేటోళ్ళను గూడ నేను గిట్ల చూడలే, నర్సయ్యన్నా!" అనేది ఆమె.

"గందుకే వాళ్ళు పాసైతాండ్రు, టీచరమ్మా. సంచి తెరువు."

ఇక్కడ నా గుట్టు ఒకటి చెప్పుకోవాలి. నాకు షుగరు. రెండేళ్ళయింది. హన్మకొండలో చూపించుకుంటే ఎవరైనా చూస్తారని కరీంనగర్ దాకా పోయి పరీక్ష చేయించుకున్నాను. కౌంటర్ వెనక నిలబడి ఊరందరికీ ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పేవాణ్ణి. నాకే షుగరంటే జనం నవ్వరా? అందుకని నా గోళీలు విటమిన్ సీసాలో పోసుకుని తిరుగుతున్నాను. ఎవరైనా మిఠాయి పెడితే, "మేడారం అమ్మలకు మొక్కు. తీపి ఇడిసిపెట్టిన" అంటాను. అందరూ నమ్మారు, ఒక్క కాక తప్ప.

"అమ్మలకు నిలువెత్తు బెల్లం ఇచ్చుడు చూసిన గని, బెల్లం తిననని మొక్కుడు ఏడ చూడలే" అన్నాడు.

ఒక తనిఖీలో ఆ సీసా కూడా కాక చేతికి దొరికింది. మూత తీసి, వాసన చూసి, ఒక గోళీని భూతద్దం కింద పెట్టాడు. "విటమిన్లు గింత చిన్నగుంటయా?" అన్నాడు. నేను చెప్పులు సరిచేసుకుంటున్నట్టు వంగాను. కాక మూత బిగించి, సీసా మళ్ళీ సంచిలో వేసి, "అనుమానంగనే ఉంది" అని పక్క సంచికి పోయాడు. ఇంకో తనిఖీ జరిగితే నా పరువు గుట్ట కిందే పోతుందని ఆ రోజే తేల్చుకున్నాను.

కాబట్టి తిరుగుబాటు నేనే లేవదీశాను. డబ్బా పోతే తనిఖీ కూడా పోతుందని నా లెక్క. ఓంకార్ ఆన్‌లైన్‌లో ఎర్ర సంచీ ఒకటి తెప్పించాడు. గుట్టలెక్కేవాళ్ళ కోసమే కట్టిన మందుల సంచీ అట, నూట ఇరవై వస్తువులట, తాళం లేదు, జిప్పు లాగితే చాలు. వాట్సాప్‌లో ఓట్లు పెట్టాం. పది ఓట్లు ఎర్ర సంచీకే పడ్డాయి. కాక ఓటెయ్యలేదు. మీట నొక్కితే ఓటు ఎటు పోతుందో ఆయనకు అనుమానం.

ఆదివారం పొద్దున ఆటో దగ్గర ఓట్ల ఫలితం చెప్పాను. పెద్ద గొడవ అవుతుందని భయపడ్డాను. కాక డబ్బా రెండు తాళాలూ ఒకసారి లాగి చూశాడు.

"సరే బిడ్డా. డబ్బా ఇంట్ల పెడ్త. గని తనిఖీ మాత్రం నేనే చేస్త."

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి, జీవితంలో మొదటిసారి నాకు ఆయన మీద అనుమానం వచ్చింది. ఈసారి మాత్రం విటమిన్ సీసా ఇంట్లోనే వదిలి, గోళీ వేసుకునే వచ్చాను. కాక గుట్ట కింద నా సంచి తడిమి, పక్క సంచికి పోయాడు.

గెలిచిన సంతోషంలో ఒక సంగతి మరిచిపోయాను. గోళీ వేసుకున్నాను కానీ టిఫిన్ తినలేదు. సగం గుట్ట ఎక్కేసరికి చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమట, కళ్ళ ముందు మసక. షుగరు పడిపోతోందని నాకు తెలుసు. నోట్లో ఇంత తీపి పడాలనీ తెలుసు. కానీ తీపి ఇడిసిపెట్టిన భక్తుడి దగ్గర తీపి ఎక్కడిది? ఒక బండ మీద కూలబడ్డాను.

ఓంకార్ ఉరికొచ్చి ఎర్ర సంచీ జిప్పు లాగాడు. దిక్సూచి వచ్చింది. వెండిరంగు దుప్పటి వచ్చింది. నాలుగు భాషల్లో పుస్తకం వచ్చింది, అందులో తెలుగు లేదు. చివరికి ఒక విజిల్ వచ్చింది.

"అన్నా, ఊదమంటవా?" అన్నాడు పాపం.

అంతలో కాక వచ్చాడు. నా మొహం ఒక్కసారి చూసి, గుట్ట అదిరేలా అరిచాడు.

"నా అనుమానం నిజమైంది! ప్లాస్టర్ దొంగ వీడే! మీరందరు జర అవుతలికి పోండ్రి. వీన్ని నేనొక్కన్నే అడుగుత."

ఆ మాటకు అందరూ దూరం జరిగారు. కాక నా సంచి పక్క అరలో చెయ్యి పెట్టి చిన్న గుడ్డమూట తీశాడు. అది నాది కాదు. దానికి నేతగాళ్ళు తెగిన పోగులు అతికే ముడి వేసి ఉంది. విప్పితే లోపల బెల్లం ముక్కలు.

"కాకా... మొక్కు..." అన్నాను. ప్రాణం పోతున్నా అబద్ధం వదల్లేదు చూడండి.

"మేడారం బెల్లమేరా. అమ్మల ప్రసాదం. దీనితోని ఏ మొక్కు తప్పదు. నోరు తెరువు."

తెరిచాను. కాసేపటికి వణుకు తగ్గింది. కాక తన సంచిలోంచి జొన్నరొట్టె తీసి చేతిలో పెట్టాడు. "గోళీ ఏసుకొని తినకుంట వస్తరా ఎవలన్న? మందులమ్మేటోనివి, నీకు నేను చెప్పాల్నా?"

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మగ్గం మీద పోగు తెగితె కండ్లకు కనవడదు. చెయ్యి పెట్టి తడిమితె తెలుస్తది. మీ సంచులు గుడ గట్లనే తడిమిన."

"మరి నాతో చెప్పొచ్చు గదా!"

"దొంగవంటె కోపమొస్తది. రోగమున్నదంటె సిగ్గొస్తది. కోపమొచ్చినోడు తిట్టుకుంట గుట్టెక్కుతడు. సిగ్గుపడ్డోడు ఇంట్ల కూసుంటడు. గంతే."

నాకు కళ్ళు చెమర్చాయి. షుగరు వల్లే అనుకున్నాను. "ఆ పోయిన ప్లాస్టర్ చుట్ట?" అని అడిగాను.

"మా అటక మీదుంది. ఎవలకు చెప్పకు."

గుట్ట దిగాక మళ్ళీ తనిఖీ. ఈసారి నేను కాక చెయ్యినే చూశాను. సుకన్య టీచరమ్మ సంచిలోకి ఖాళీగా పోయిన చెయ్యి పిడికిలి బిగించి బయటికొచ్చింది. ఓంకార్ సంచిలోంచి కూడా అంతే. ఆ పిడికిట్లో ఏముందో నేను అడగలేదు, ఎన్నడూ అడగను కూడా. రెండో తనిఖీ ఎందుకో మాత్రం రెండేళ్ళకు తెలిసింది. మొదటి తనిఖీలో పెట్టిన మూటలు ఎవరికీ తెలియకుండా తిరిగి తీసుకోవడానికి.

నా వంతు వచ్చింది. కాక నా మూటను గుప్పిట్లో పట్టి బరువు చూశాడు.

"దొంగ దొరికిండన్నవు గదా, నర్సయ్యన్నా. ఏమి తీసిండు?" అంది టీచరమ్మ.

కాక నా వైపు చూశాడు. మిగతా తొమ్మిదిమందీ నా వైపు చూశారు. నిజం చెబితే అందరి గుట్టూ బయటపడుతుంది.

"ప్లాస్టర్ చుట్ట," అన్నాను తల వంచుకుని. "రెండేండ్ల కింద. నేనే తీసిన. డబ్బా మళ్ళ కాకకే ఇయ్యుండ్రి."

"మందుల షాపు పెట్టుకొని ప్లాస్టర్ ఎత్కపోయినవా అన్నా!" అని ఓంకార్ నోరెళ్ళబెట్టాడు. ఆ మాట కొత్తవాడలో ఇప్పటికీ తిరుగుతోంది. తిరగనీ.

"ఇగ దొంగ దొరికిండు గదా, కాకా. తనిఖీ బంద్ చేస్తవా?" అన్నాడు ఓంకార్ ఆశగా.

కాక కళ్ళు చికిలించి మా అందరినీ ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూశాడు.

"దొరికింది ఒక్కడే. వీనికి సాయం చేసినోడు మీలనే ఉన్నడు. వచ్చే నెల గుడ సంచులు తెరువాలె."