శనివారం ఇనుము

మా పక్కింటి అంకుల్ పోయారు. మంగళవారం పొద్దున ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా ఆంటీ ఫోన్ చేసి, "అంకుల్ ఇక లేరమ్మా" అని ఒక్క మాటతో సరిపెట్టారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, గరాజ్‌లో అమ్ముడుపోకుండా మిగిలిన బండి. అది మిగిలిపోవడానికి కారణం నేనే.

మోరిస్‌విల్‌లో మా గోడా వాళ్ళ గోడా ఒకటే. అంకుల్ గుంటూరు నుంచి ఎప్పుడో నా పుట్టుకకు ముందే ఈ దేశం వచ్చి, మందుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరైన మనిషి. రిటైరైన ఏడాది కొండ ప్రాంతంలో ఎవరిదో పశువుల కొట్టంలో తుప్పుపట్టి పడున్న పాత జపాన్ స్పోర్ట్స్ కారుని కొని, లారీ మీద వేయించుకొచ్చారట. డెబ్బైల నాటిది, రెండే సీట్లు. ఆంటీ చూసి, "ఇదేమన్నా కారా, ఎలకల గూడా?" అన్నారట. పదకొండేళ్ళు పట్టింది దాన్ని మనిషిని చేయడానికి.

లుంగీ కట్టుకుని బండి కింద పడుకునేవారు. విప్పిన మరలన్నీ ఖాళీ ఆవకాయ సీసాల్లో వేసి, వాటి మీద తెలుగులో చీటీలు అంటించేవారు. 'ఎడమ తలుపు', 'బ్రేకు, వెనక', 'ఇది ఎక్కడిదో తెలీదు'. సాయంత్రం శనగపిండితో చేతులు రుద్దుకుని లోపలికి వెళ్ళినా, ఆయన తాగిన కాఫీ గ్లాసు మీద గ్రీజు వేలిముద్రలు ఉండేవి. ఆంటీ తిట్టుకుంటూనే తోమేవారు.

పాతదాన్ని పాతదానిలాగే ఉంచలేదు. కొత్త ఇంజన్ పెట్టారు, బ్రేకులు మార్చారు, ఏసీ లేకపోతే ఎక్కనని ఆంటీ మొండికేస్తే ఏసీ కూడా బిగించారు. బండి సిద్ధమైన రోజు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, స్టీరింగ్‌కి ఆంటీ పసుపు కొమ్ము దారం కట్టారు. ఆ దారాన్ని ఆయన ఎన్నడూ తీయలేదు.

నా ఉద్యోగం ఊడి, వీసాకి మిగిలిన రోజులు లెక్కపెట్టుకుంటూ మంచం దిగని రోజుల్లో ఆయన తలుపు కొట్టారు. "ఇంట్లో కూర్చుంటే జాబ్ నడిచొస్తుందా? లే, గేర్ల బండి నేర్చుకుందువుగాని." పక్క ఊరు క్యారీలో ఒక ఖాళీ పార్కింగ్ లాట్‌లో నా చేతిలో పదిసార్లు బండి ఆగిపోయింది. పదకొండోసారి ఏడ్చేశాను. ఆయన కిటికీ అద్దం దించుకుని నింపాదిగా, "గేరుని లాగకమ్మా, అడుగు. అడిగితే ఇస్తది," అన్నారు. ఆ వారమే ఒక ఇంటర్వ్యూకి ఆ బండిలోనే తీసుకెళ్ళారు. ఉద్యోగం వచ్చింది. అప్పటి నుంచి ఆయనకి నేను ఏం చేసిపెట్టినా తక్కువే అనుకునేదాన్ని.

పోయిన చలికాలం డాక్టర్లు ఇక నెలలే అన్నారు. ఆయన నన్ను పిలిచి ఒకే ఒక్కటి అడిగారు. "యాడ్ నువ్వు రాయి. ఎంతకైనా పర్లేదు. నడిపేవాడికి ఇవ్వాలి. ముక్కలు చేసి అమ్ముకునేవాడికి మాత్రం వద్దు. పాత బండిని విడగొడితేనే ఎక్కువొస్తది, అందుకే భయం."

రాశాను. ఫోన్ చేసిన ప్రతివాడికీ ఆయనే ముందు లోపాలు చెప్పేవారు. బండి నేల కింద ఇక్కడ అతుకుంది, వానొస్తే ఎడమ తలుపు కారుతది. "అమ్ముదామనా, వద్దనా మీ ఉద్దేశం?" అని కసిరాను. "పిల్లనిచ్చేప్పుడు దాస్తామా?" అన్నారు. ఇంజన్ మార్చి బండిని పాడుచేశావని ఎవడో రాస్తే నవ్వి, "గుండెకి స్టెంట్ వేస్తే మనిషి పాడైపోయినట్టా?" అన్నారు.

చివరికి వర్జీనియా నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. చిన్నప్పుడు వాళ్ళ అన్నకి ఇలాంటి బండే ఉండేదట. తలుపు కారుతుందని చెప్పినా, "తువ్వాలు పెట్టుకుంటాను, చేతకానంత వరకు నడుపుతాను," అన్నాడు. ఫోన్ పెట్టేశాక అంకుల్ కళ్ళు తుడుచుకున్నారు. శనివారం బండిని మోసుకెళ్ళే ట్రైలర్ తెచ్చి తీసుకెళ్తానని ఆ పెద్దాయన చెప్పాడు.

నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. "శనివారం ఇనుము ఇంటికి తెచ్చుకోకూడదు అంకుల్. పాపం ఆయనకి మంచిది కాదు. సోమవారం రమ్మందాం," అన్నాను. మా అమ్మమ్మ మేకు కూడా కొననిచ్చేది కాదు శనివారం. అంకుల్ నా వంక చూసి, "వాడికి శని తెలీదు, శనికి వాడు తెలీదు. సరే, నీ మాట ఎందుకు కాదనాలి," అన్నారు. ఆయనకి ఎన్ని శనివారాలు మిగిలాయో నేను ఆలోచించలేదు. మంచి చేస్తున్నానన్న పొగరు నాది.

అద్దెకు తెచ్చిన ట్రైలర్ ఖాళీగా పెట్టుకోవడం ఎందుకని ఆ పెద్దాయన శనివారం మేరీల్యాండ్ వెళ్ళి ఇంకో బండి చూశాడు. కొనేశాడు. సోమవారం సారీ చెబుతూ మెసేజ్ పెట్టాడు. నేను బావురుమంటే అంకులే ఓదార్చారు. "పోనీలేమ్మా. కొట్టంలో అన్నేళ్ళు నాకోసం ఆగింది కదా, ఇంకొకడి కోసం ఆగదా?"

ఆయనే ఆగలేదు. మూడు వారాలకే ఆయన పోయారు. వాళ్ళ కూతురు డబ్లిన్ నుంచి వచ్చి, ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో, "మా నాన్నా నేనూ కలిసి నడుపుతాం" అన్న ఒక కుర్రాడికి బండి ఇచ్చేసింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నమ్మాను. ఆవకాయ సీసాలు కూడా వాడే పట్టుకుపోయాడు. ఆంటీ కూతురితో డబ్లిన్ వెళ్ళిపోయారు.

నెల తిరక్కుండానే ఆన్‌లైన్‌లో కనపడింది. ఆ నీలం రంగు నాకు తెలుసు. తలుపులు విడిగా, సీట్లు విడిగా, ఇంజన్ విడిగా. వానొస్తే కారే ఆ ఎడమ తలుపుకి, 'మంచి కండిషన్, లోపాలు లేవు' అని రాశాడు.

ఆంటీ ఆదివారాలు ఫోన్ చేస్తారు. మొన్న కూడా అడిగారు. "బండి బానే ఉందామ్మా? తిప్పుతున్నాడా ఆ అబ్బాయి?"

"తిప్పుతున్నాడు ఆంటీ."

"ఏసీ పనిచేస్తందా?"

"చేస్తోందట."

ఫోన్ పెట్టేసి మళ్ళీ ఆ పేజీ తెరిచాను. స్టీరింగైనా కొనుక్కుందామని. ఫోటోలో పసుపు దారం అలాగే ఉంది. కింద రాశాడు, 'ఏదో తాడు చుట్టి ఉంది, కత్తిరిస్తే వచ్చేస్తుంది' అని. దాని పక్కనే, అమ్ముడైపోయింది అని ఉంది.