కాన్పుకని కుట్టిన బొంత

పోయిన చలికాలం బాన్సువాడలో మా అమ్మ చనిపోయింది. పోయినవాళ్ల బొంతను పాడె మీద పరచడం మా ఆచారం. మా బావ లోపలి నుంచి ఒకటి తెచ్చి పరిచాడు. ఇంటి దగ్గర ఆ హడావిడిలో అదేదో నేను గమనించలేదు. చితి దగ్గర దించాక చూశాను. కాన్పుకు వచ్చే నా కూతురి కోసం అమ్మ తన పాత చీరలతో కొత్తగా కుట్టిన బొంత అది.

"ఏంది బావా, గిది తెచ్చినవ్?" అన్నాను.

"అన్నీ పాత చీరలే గదరా! పాత బొంతే అనుకున్న. తీద్దామా?"

శవం కింద పరిచినదాన్ని బాలింతకెలా కప్పుతాం?

"ఉండనియ్ బావా, అవ్వకు చలి ఎక్కువ" అన్నాను.

ఎప్పట్లాగే జోకు వేశాననుకుని నలుగురూ నవ్వారు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

మనవడు పుట్టాడు. బజారులో మెత్తటి దుప్పటి కొన్నాం. బొంత కుట్టడం మా ఇంట్లో అమ్మ ఒక్కదానికే వచ్చు.