మ్యూజియంలో లేని తారు

హుజూరాబాద్‌లో మా ఇంటిని అన్న పేరిట మ్యూజియం చేశారని తెలిసి, పోయిన నెల మనవరాలిని వెంటబెట్టుకుని చూడబోయాను. ముందరి గదిలో మేము బాపు అని పిలిచే నాన్న మగ్గం గుంతను సిమెంటుతో పూడ్చి, దానిమీద అద్దాల పెట్టెలో అన్న మంచుకోటూ బరువైన బూట్లూ పెట్టారు. అన్న క్షేమమని వచ్చిన తారు, అంటే టెలిగ్రాం, గోడమీద పటంలో ఉంది. అంటార్కిటికా మంచులో తప్పిపోయి తిరిగివచ్చిన మనిషి కోసం కుటుంబమంతా గర్వంగా ఎదురుచూసిందని అక్కడి అమ్మాయి వివరిస్తుంటే నేను తలవంచుకుని నిలబడ్డాను. అంతకుముందు వచ్చిన తారు అక్కడ లేదు.

ఎనభైల నాటి మాట. మందమర్రి బొగ్గు గనుల దగ్గర రాళ్ళూ పొరలూ పరీక్షించే ఉద్యోగంలో ఉన్న అన్నను ఆ మంచుఖండానికి పోయే బృందంలోకి ఎంచుకున్నారు. బాపు అప్పటికే లేడు. మేము అవ్వ అని పిలిచే అమ్మ రాట్నం మీద నూలు కండెలు చుట్టేది, నేను పక్క ఊరి బడిలో పంతులమ్మను. అవ్వకు అక్షరం రాదు కనుక అన్న రాసిన ప్రతి జాబూ నేనే చదివేదాన్ని, ఒక్కోదాన్ని మూడేసి సార్లు చదివించుకునేది.

ఒక పొద్దున నేను బడికి బయలుదేరుతుండగా ఆ తారు వచ్చింది. ఇంగ్లీషులో రెండే వరుసలు: మంచు తుఫానులో ముగ్గురి జాడ తెలియడం లేదు, వారిలో అన్న ఒకడు, వెతుకుతున్నాము. అవ్వ రాట్నం ఆపి నావైపు చూసింది.

“ఏం రాసిండ్రు బిడ్డా?”

“అన్న మంచిగున్నడట అవ్వా. పని మస్తుగున్నదట, జాబు రాసే తీరిక లేదట.”

“గింత మంచి ముచ్చటకు తారెందుకు కొట్టిండ్రు?”

నేను తారు మడిచి నా పెట్టెలో పెట్టాను. ఆమె మళ్ళీ రాట్నం తిప్పుకుంది.

రోజూ బడి వదలగానే పోస్టాఫీసుకు పరుగెత్తేదాన్ని, కబురేమీ లేదని తెలుసుకుని, ముఖం తుడుచుకుని, నవ్వుతూ ఇంట్లోకి అడుగుపెట్టి అవ్వకు అన్నం పెట్టేదాన్ని. నాలుగో సాయంత్రం ఇంట్లో రాట్నం చప్పుడు లేదు. అవ్వ గడప మీద కూర్చుని ఉంది, ఒళ్ళో ఆ తారు. నా పెట్టెలోంచి తీసుకుపోయి పోస్టుమాస్టరుతో చదివించుకుందట.

“నాలుగు దినాలు కడుపునిండ తిన్ననే బిడ్డా,” అంది మెల్లగా. “వాడు గా మంచుల ఉండంగ నాకు బువ్వ తినిపిచ్చినవ్.”

ఆపైన ముద్ద ముట్టలేదు, నాతో మాట్లాడలేదు. వీధిలో ఏ సైకిలు గంట మోగినా ఇద్దరమూ ఒకేసారి లేచి నిలబడేవాళ్ళం. మూడో రోజు పోస్టుమ్యాన్ ఇంకో తారుతో మా వాకిట్లో ఆగాడు. నేను చేయి చాచాను. అవ్వ నా చేతిని పక్కకు తప్పించింది.

“నువ్వే సదువు అన్నా,” అంది అతనితో.

దొరికాడు, ప్రాణంతో ఉన్నాడు, కాలివేళ్ళు దెబ్బతిన్నాయి. అవ్వ అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. నేను దగ్గరికి పోలేకపోయాను.

రెండు వేళ్ళు పోగొట్టుకుని అన్న తిరిగివచ్చాడు. నేను చేసింది అవ్వ అతనికి ఎన్నడూ చెప్పలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. కానీ తర్వాత ఎవరి జాబు వచ్చినా, నేను ఇంట్లో ఉన్నా, పోస్టుమ్యాన్‌ను నిలబెట్టి చదివించుకునేది. ఆమె పోయేదాకా అంతే.

ఇప్పుడు ఎంత దూరపు కబురైనా ఎవరి చేతిలోని ఫోనులోకి వారికే వస్తుంది. ఇంకొకరి నోటి వెంట వినాల్సిన అగత్యం మా తరంతోనే పోయింది, మంచిదే. నాకు మాత్రం అవ్వ ముందు కూర్చుని, ఒక్క జాబైనా ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాలని ఉంటుంది.