పెట్టెలో కంచాలు

"ఎప్పుడు ప్రయాణం?" అని అడిగేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఒకప్పుడు అందరికంటే ఎక్కువగా అడిగింది నేనే కాబట్టి ఆ మంట ఇంకాస్త ఎక్కువ. నా పేరు అన్నమ్మ, విజయనగరంలో అంగన్‌వాడీ టీచర్ని. ఆ ప్రశ్న నేను అడిగింది మా ఎదురింటి తులసిని.

తులసిది భోగాపురం దగ్గర సముద్రపొడ్డు పల్లె, వేటకెళ్లే కుటుంబం. మొగుడు ఉమాశంకర్ మిలట్రీలో నాయక్. అప్పుడతను సరిహద్దులో ఉన్నాడు, అక్కడికి పెళ్లాంబిడ్డల్ని రానివ్వరు. అందుకని మా వీధిలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని కూతురితో ఉండేది. కూతురు అనూరాధకు అప్పుడు నాలుగేళ్లు, నా కేంద్రానికే వచ్చేది.

2016 ఫిబ్రవరిలో ఉమాశంకర్ ఫోన్ చేశాడు. జబల్పూరుకు బదిలీ అయిందని, క్వార్టరు కూడా ఇస్తున్నారని, నెలాఖరుకు వచ్చి తీసుకెళ్తానని. మిలట్రీ సంసారమంటే నాలుగు నల్ల రేకు పెట్టెలు, వాటి మీద తెల్ల రంగుతో అతని పేరూ నంబరూ. వాటిలో పట్టిందే సామాను, పట్టనిదంతా వీధి పాలు. తులసి నాలుగు రోజుల్లో ఇల్లంతా పంచేసింది. నవారు మంచం నాకొచ్చింది. కోళ్లు పక్కింటి దేముడమ్మకు వెళ్లాయి. సన్నికల్లు ఇడ్లీబండి గున్నమ్మకు వెళ్లింది. ఆ సన్నికల్లు తులసి తల్లిది. ఆవిడ పోయాక పుట్టింటి నుంచి తెచ్చుకున్నది అదొక్కటే. రాయిని రైల్లో ఎవరు మోస్తారని మొగుడన్నాడట. ఇచ్చే ముందు తులసి దాన్ని రెండుసార్లు కడిగింది.

నెలాఖరుకు అతను రాలేదు. బదిలీ ఆపారట. ఎందుకాపారో చెప్పరు, ఎన్నాళ్లో చెప్పరు. ఎక్కడో బల్ల ముందు కూర్చుని కాగితం మీద గీత గీసినవాడికి, ఇక్కడొక ఆడమనిషి ఇల్లు ఖాళీ చేసుకుని గుమ్మంలో కూర్చుందని ఎలా తెలుస్తుంది? తెలిస్తే మాత్రం ఏం చేస్తాడు?

రేపో మాపో ఆర్డరు వస్తుందని తులసి పెట్టెలు విప్పలేదు. ఒక గిన్నె, ఒక గ్లాసు, రెండు మూతలు బయట ఉంచుకుంది. ఆ మూతల్లోనే తల్లీ కూతురూ అన్నం తినేవాళ్లు. పడక నేల మీద. మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది, ఎండలు మాడ్చేశాయి. వీధిలో ఎవరు ఎదురైనా అదే ప్రశ్న. ఇంటి ఓనరు జగన్నాధమైతే గేటుకు టులెట్ బోర్డు కట్టి మరీ అడిగాడు. నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగాను. మంచం వాకిట్లో వేసుకుని కూర్చుని అడిగాను. అది ఆమె మంచం.

జూన్‌లో ఒకరోజు కేంద్రంలో పిల్లలకు అన్నం పెట్టాను. అందరూ తిని లేచారు. అనూరాధ మాత్రం కడిగిన కంచం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇటివ్వవే అంటే ఇవ్వలేదు.

"మా కంచాలు పెట్టిలో ఉన్నాయి టీచరమ్మా. రైలెక్కితే గానీ తియ్యకూడదంట."

పిల్ల ముద్దుగా అందనుకుని, నవ్వుకుంటూ వెళ్లి తులసికి చెప్పాను. ఆమె నవ్వలేదు. లోపలికెళ్లి పెట్టె ముందు కూర్చుంది. తాళంచెవి కొంగున ముడేసి ఉంది. ముడి రాకపోయేసరికి కొంగును పళ్లతో చించేసింది. తాళం తీసి పెట్టెను నేల మీద బోర్లించింది. ఆ చప్పుడుకు వీధంతా బయటికొచ్చింది.

అక్కణ్నుంచి తిన్నగా మా ఇంటికొచ్చి మంచం కావాలంది. నేనేమన్నానో చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, అయినా చెబుతాను. మళ్లీ ఎలాగూ ఇచ్చెయ్యాలి కదే, ఇంకో నాలుగు రోజులు ఓర్చుకోరాదా అన్నాను. ఆమె గిరుక్కున తిరిగి గున్నమ్మ ఇంటికి నడిచింది. ఆమె వెనకే నేనూ వెళ్లాను.

గున్నమ్మ ఆ సన్నికల్లు మీద అల్లం నూరుతోంది. సంగతి విని తలైనా ఎత్తలేదు.

"రేపో మాపో ఎల్లిపోయేదానివి, నీకు రాయెందుకే?" అంది.

"ఎల్లే రోజున ఎల్తాను గున్నమ్మత్తా. ఉన్నన్నాళ్లూ నన్ను ఉండనియ్యరేటి? ఆళ్లు కదలనియ్యరు, మీరు ఉండనియ్యరు. నా పిల్ల మూతలో బువ్వ తింటన్నాది. లెగు."

గున్నమ్మ లేచింది. నూరిన అల్లాన్ని ఆకులోకి తీసి ఆమెకిచ్చి, తులసి రాయిని చంకనెత్తుకుంది. పొత్రం నా చేతిలో పెట్టింది. నోరు మూసుకుని మోశాను. ఆ తర్వాత మంచం కూడా నేనే మోశాను. కోళ్లను దేముడమ్మ అప్పటికే కూర వండేసింది. వీధి చూస్తోందని రెండు కోడిపిల్లలు తెచ్చిచ్చింది.

ఆ రోజు నుంచి అది ఇల్లయింది. తులసి గోడకు మేకులు కొట్టింది. జగన్నాధం గొడవకొస్తే టులెట్ బోర్డు విప్పి అతని చేతికే ఇచ్చింది. ఒక పెట్టెలో బియ్యం పోసింది, ఒక పెట్టెలో ఎండు చేపలు పెట్టింది. ఆదివారం నేను చర్చి నుంచి తిరిగొచ్చే వేళకు పులుసు వాసన వీధి మొదట్లోనే తగిలేది. రాయి ముందు కూర్చుని ఆమె కూనిరాగం తీస్తుంటే మొదటిసారి విన్నాను. సుఖంగా ఉందని చూస్తేనే తెలిసేది.

డిసెంబరులో మళ్లీ ఆర్డరు వచ్చింది. గున్నమ్మ ఏదో పని ఉన్నట్టు వచ్చి రాయి వంక చూసి పోయింది. మొగుడు ఫోన్లో సర్దుకోమంటే, రైలెక్కే రోజున సర్దుతాను, ఒక్క పూట పని అని తులసి ఫోన్ పెట్టేసింది. ఒక్క మేకు కూడా పీకలేదు. నాలుగు రోజులకు మళ్లీ ఫోను. మళ్లీ ఆపారు.

నాకు రక్తం మరిగిపోయింది. ఆపినవాణ్ని, ఆపమన్నవాణ్ని, ఆ కాగితాన్నీ నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఆమె గుమ్మంలోకి వెళ్లాను. తులసి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చింది, దాచుకోలేదు. చేతులు మాత్రం ధనియాలు నూరుతున్నాయి.

"నువ్వూ మొదలెట్టకు టీచరక్కా. కూకో, తినేసి ఎల్దువు గాని."

కూర్చున్నాను. అనూరాధ గూట్లోంచి కంచాలు తీసి వరసగా వేసింది. మూడోది నా ముందు పెట్టింది.