స్కూటర్ సీటున్న పడవ

పొద్దున్నే వరండాలోకి వస్తే, రెండు బల్లల మీద ఉన్న మావారి పడవ నిండా నీళ్ళు. రాత్రి వానకి రేకు చిల్లులోంచి నేరుగా అందులోకే కారినట్టుంది. విసుక్కుంటూ చెంబు తెచ్చి తోడడం మొదలుపెట్టాను. భిలాయి పక్కన ఈ రిసాలి ఇంట్లో ఇప్పుడు నాకు పని చెప్పేది ఈ పడవొక్కటే.

మామూలు పడవ కాదిది. సముద్రంలో ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే కయాక్. పొడుగ్గా, సన్నగా, పసుపుపచ్చ ప్లాస్టిక్‌తో చేసింది. స్టీలు ప్లాంటులో ఫిట్టరుగా రిటైరయ్యాక, భిలాయిలో ఇంకెవరికీ తట్టని ఈ వస్తువు ఆయనకే తట్టింది. లారీలోంచి దింపుతుంటే పక్కింటి విజయనగరం ఆవిడ గేటు దగ్గర నిలబడి, "ఏటన్నయ్యా, ఉప్పునీళ్ళు కూడా తెప్పించీసినారేటి?" అంది. ఆయన నవ్వి ఊరుకున్నారు. చలికాలంలో భీమిలి తీసుకెళ్ళి నన్ను సముద్రం మీద తిప్పాలని ఆయన పట్టుదల. ఒక్కరి పడవలో ఇద్దరం ఎలా పడతామో మాత్రం కొన్నాకే ఆలోచించారు.

ముందుభాగం పైకప్పు రంపంతో కోసి, మా పాత స్కూటర్ సీటు తెచ్చి అందులో బిగించారు. అదీ వెనక్కి తిప్పి, తనకి ఎదురుగా. "సముద్రం చూపిస్తారా, మీ మొహం చూపిస్తారా?" అన్నాను. "మనం మొహాలు సూసుకున్నదెప్పుడే? నాను నైట్ షిఫ్ట్ నుంచి వచ్చీసరికి నువ్వు బడికెళ్ళిపోయీదానివి" అన్నారు. ఇన్నేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నేను ఆ పూట ఆయన పక్కన కూర్చుని బోల్టులు అందించాను.

ప్లాంటులో బోల్టు వదులుగా ఉండటం మహాపాపం. ఆ అలవాటు కొద్దీ ఇనుముకి బిగించినట్టే, ఇంకో అర చుట్టు, ఇంకో అర చుట్టు అంటూ బిగించారు. టప్పుమని పడవ అడుగు పగిలింది. దానికి లప్పం పెట్టి చెరువులో దింపారు. మోకాళ్ళు ఢీకొట్టుకుంటూ నాలుగు బారలు పోయామో లేదో, నీళ్ళు నా కుచ్చిళ్ళ దాకా వచ్చాయి. నడుము లోతులో పడవని తోసుకుంటూ ఒడ్డుకొచ్చాం. నేను తిట్టిన కొద్దీ ఆయన పగలబడి నవ్వారు. ఆ మొహాన్ని అంత దగ్గరగా, అంతసేపు ఎప్పుడూ చూడలేదు నేను.

తర్వాత సీటు విప్పి, ప్లాస్టిక్ కరిగించి పగులు అతికించి, మళ్ళీ బిగించారు. "ఈపాలి సుక్క కూడా రాదు, సూస్కో" అన్నారు. నేను నమ్మలేదు. చలికాలం రాకముందే, గుండెనొప్పని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. ఆ అతుకు నిలుస్తుందో లేదో ఎవరూ చూడనేలేదు.

సగం తోడాక ఆ సంగతి గుర్తొచ్చింది. చెంబు పక్కన పెట్టి, వంగి, పడవ అడుగంతా కిందనుంచి అరచేత్తో తడిమాను. పొడిగా ఉంది. రాత్రంతా నీళ్ళు నిలిచినా చుక్క కారలేదు. "కారలేదండీ" అన్నాను పైకే. ఏడుపొచ్చింది. మిగతా నీళ్ళు తోడేసి, స్కూటర్ సీటు కొంగుతో తుడిచి, ఎక్కి కూర్చున్నాను. ఎదురుగా ఆయన సీటు ఖాళీగా ఉంది. ఇప్పుడు ఆయనకి షిఫ్టు లేదు, నాకు బడి లేదు. ఇద్దరికీ తీరిక దొరికేసరికి నేనొక్కదాన్నే మిగిలాను.