కంటోన్మెంటులో నాయనమ్మ తలంటు

నా చిన్నప్పుడు ఢిల్లీ కంటోన్మెంటులో ఏ గోడ చూసినా ఒకే కుటుంబం కనిపించేది. అమ్మ, నాన్న, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, నలుగురూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుండేవారు. చిన్న కుటుంబమే సుఖమని కింద హిందీలో రాసి ఉండేది. మూడో తరగతి చదువుతున్న నాకు ఆ బొమ్మ చూస్తే ఒళ్ళు మండేది. మా ఇంట్లో పిల్లలంటే నేనొక్కదాన్నే. మా బ్లాకులో మిగతా ఇళ్ళల్లో నలుగురైదుగురు పిల్లలు. సర్కారు లెక్కకు వాళ్ళు ఎక్కువ, మేం తక్కువ. విచిత్రమేమిటంటే, ఎక్కువైనవాళ్ళను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. మా అమ్మనే అందరూ అడిగేవారు.

అందరికంటే గట్టిగా అడిగేది పక్క క్వార్టరు పంజాబీ ఆంటీ. మంచి మనిషి. చలికాలం వస్తే ఆవకూర వండి గిన్నెడు మాకు పంపనిదే తినేది కాదు. కానీ గిన్నెతోపాటు ఆ ప్రశ్న కూడా వచ్చేది, రెండోది ఎప్పుడని. అమ్మ నవ్వి లోపలికి వెళ్ళిపోయేది. అంతకు రెండేళ్ళ ముందు అమ్మకు కాన్పు కష్టమై బిడ్డ దక్కలేదనీ, ఇక వద్దని డాక్టరు చెప్పేశారనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు.

ఆ ఏడు నాన్న సరిహద్దు దగ్గర డ్యూటీలో ఉన్నారు. దీపావళికి మాకు తోడుగా అమలాపురం నుంచి నాయనమ్మ వస్తోందని తెలిసిన రోజు నుంచీ అమ్మకు నిద్ర లేదు. నాయనమ్మ ఎనిమిదిమందిని కన్న మనిషి. కోడలిని ఏమంటుందో, కొడుక్కి ఇంకో పెళ్ళి చేస్తానంటుందేమో అని అమ్మ హడలిపోయింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది.

నాయనమ్మ డబ్బాడు నువ్వులనూనె, మూటెడు సున్నిపిండితో దిగింది. వారమైనా పిల్లల ఊసెత్తలేదు. కూరల బండి దగ్గర బేరమాడి హిందీ అంకెలు మాత్రం నేర్చుకుంది. ఆవిడ ఏమీ అనకపోయేసరికి అమ్మకు భయం ఇంకా ఎక్కువైంది.

నరకచతుర్దశి పొద్దున్నే వరండాలో పీట వేసి, హారతి ఇచ్చి, నాయనమ్మ నా మాడున నూనె పెట్టింది. పండగపూట ఒక్కదాన్నే పీట మీద కూర్చోవాల్సి వచ్చిందని నేను మూతి ముడిచాను. "ఏవే, అంత దిగులెందుకు? అదిగో, గోడ మీంచి చూస్తున్నారుగా, పిలు వాళ్ళని" అంది. ఆంటీగారి నలుగురు కొడుకులూ గోడ దూకి వచ్చేశారు. సర్దార్ల పిల్లలు కదా, జుట్టు ముడి విప్పితే ఒక్కొక్కడికీ నడుము దాకా ఉంది. డబ్బాలో నూనె సగానికి దిగిపోయింది. ఆఖరివాడు సున్నిపిండిని లడ్డూకు కలిపిన సెనగపిండి అనుకుని గుప్పెడు నోట్లో వేసుకుని, ఉమ్మలేక మింగలేక గిలగిల్లాడాడు. వాడి అరుపుకు ఆంటీ పరుగెత్తుకొచ్చి, సంగతి తెలిసి కడుపు పట్టుకుని నవ్వింది.

నవ్వి నవ్వి, ఆ చనువులోనే అడిగేసింది: "మాజీ, బహూకీ ఏక్ హీ బచ్చీ! ఆప్ కుఛ్ నహీ కహతీ?"

నాయనమ్మ నా వైపు చూసింది. కోడలికి ఒక్కతే కూతురు, మీరేమీ అనరా అని అడుగుతోందని నేను వరండా అదిరేలా తెలుగులో చెప్పాను. వేణ్ణీళ్ళ బకెట్టుతో గుమ్మంలో నిలబడ్డ అమ్మ అక్కడే ఆగిపోయింది.

నాయనమ్మ తొందరపడలేదు. చేతులు తుడుచుకుంది. లేచి వెళ్ళి అమ్మ చేతిలో బకెట్టు కింద పెట్టించి, రెక్క పట్టుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టింది. చారెడు నూనె అమ్మ నెత్తిన పోసింది. ఒక చెయ్యి అమ్మ తల మీద, ఇంకో చెయ్యి నా తల మీద పెట్టి ఆంటీతో అంది: "దో. మా ఇంట్లో పిల్లలు దో. ఠీక్ హై?"

ఆంటీ చున్నీతో కళ్ళు తుడుచుకుని, "బిల్కుల్ ఠీక్ హై, మాజీ" అంది. ఆ రోజు తర్వాత ఆమె ఆవకూర తెచ్చింది గాని ఆ ప్రశ్న తేలేదు. అమ్మ మాత్రం ఆ పొద్దున పీట మీదే వెక్కి వెక్కి ఏడ్చింది. నూనె కళ్ళల్లో పడిందని నాకు చెప్పింది. ఆ తర్వాత నాయనమ్మ తల రుద్దుతుంటే చిన్నపిల్లలా కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చుంది. అమ్మను అంత నిశ్చింతగా నేనెప్పుడూ చూడలేదు. నాన్న ముందే నాయనమ్మకు ఉత్తరంలో అన్నీ రాశారట. ఆవిడ రైలెక్కిందే కోడలి కోసమట.

ఇప్పుడు నేను వసంత్ కుంజ్‌లో ఉంటున్నాను. గాలి తిరిగింది. ఎక్కువమందిని కనొద్దని గోడల మీద రాసిన లోకం ఇప్పుడు కనకపోతే తప్పంటోంది. మా అబ్బాయీ కోడలూ పిల్లలు వద్దనుకున్నారు. నువ్వైనా గట్టిగా చెప్పమని చుట్టాలు ఫోన్లు చేస్తారు. నాకు మనవల మీద ఆశ లేదని అబద్ధమాడను. పార్కులో ఎవరి పసివాడైనా నా వేలు పట్టుకుంటే ఆ పూటంతా మనసు అక్కడే ఉంటుంది. అది నా ఆశ. దాన్ని కోడలి నెత్తిన పెట్టే హక్కు నాకు లేదు.

మొన్న మా కోడలు ఆఫీసు నుంచి వస్తూనే సోఫాలో వాలిపోయి, "అత్తయ్యా, ఆకలేస్తోంది, క్యా బనాయా?" అని కేకేసింది. అత్తగారి ముఖం చూసి బెదరడమంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు. మా అమ్మ బెదురును నాయనమ్మ ఒక్క పొద్దుటితో పోగొట్టింది. మా కోడలికి అది అసలు మొదలవకుండా చూసుకోవడం నా వంతు.